వెబ్ నేర్చుకోవాలా? ముందు ఏ మార్కప్ లాంగ్వేజ్ పట్టుకోవాలో ఇలా తేల్చుకోండి

వెబ్ పేజీలు తయారుచేయడం నేర్చుకుందామని కూర్చోగానే పేర్లన్నీ ఒకేసారి మీద పడతాయి. హెచ్‌టీఎమ్‌ఎల్, ఎక్స్‌హెచ్‌టీఎమ్‌ఎల్, ఎక్స్‌ఎమ్‌ఎల్, మార్క్‌డౌన్, ఎస్‌వీజీ, మధ్యలో సీఎస్‌ఎస్, జావాస్క్రిప్ట్. ఏది ముందో తేలక వారాల తరబడి వీడియోలు చూస్తూ, ఒక్క పేజీ కూడా రాయనివాళ్లు చాలామంది. నేనూ ఒకప్పుడు ఆ బాపతే.

1. ముందు జాబితా తగ్గించండి

సీఎస్‌ఎస్, జావాస్క్రిప్ట్ అసలు మార్కప్ లాంగ్వేజ్‌లే కావు. మార్కప్ అంటే రాసిన మాటలకు చీటీలు అంటించడం లాంటిది. ఇది శీర్షిక, ఇది పేరా, ఇది లింకు అని బ్రౌజర్‌కి చెబుతాం. ఆ చీటీలనే ట్యాగ్‌లు అంటారు. రంగులు, అక్షరాల సైజు సీఎస్‌ఎస్ చూసుకుంటుంది. బటన్ నొక్కితే ఏం జరగాలో జావాస్క్రిప్ట్ చూసుకుంటుంది. ఆ రెండింటినీ తర్వాత చూద్దాం.

2. ఏం చేయాలనుకుంటున్నారో ఒక్క వాక్యంలో రాసుకోండి

"బ్రౌజర్‌లో కనిపించే పేజీ కావాలి" అని రాస్తే ఇక ఆలోచించే పనే లేదు, హెచ్‌టీఎమ్‌ఎల్. పదిమందిలో తొమ్మిదిమంది రాసేది ఇదే అనుకుంటాను.

"నోట్సు, వ్యాసాలు రాసుకోవాలి, అంతే" అయితే మార్క్‌డౌన్ చాలు. 2004లో జాన్ గ్రూబర్ అనే బ్లాగర్ దీన్ని బయటపెట్టాడు. వరస మొదట్లో హ్యాష్ గుర్తు పెట్టి, ఒక ఖాళీ వదిలి రాస్తే శీర్షిక అవుతుంది. మాటకు అటూ ఇటూ రెండేసి నక్షత్రం గుర్తులు పెడితే బోల్డ్ అవుతుంది. అరగంటలో చేతికొస్తుంది. అయితే వెబ్‌లో పెట్టేటప్పుడు అదీ హెచ్‌టీఎమ్‌ఎల్‌గా మారాకే బ్రౌజర్‌కి చేరుతుంది.

సాఫ్ట్‌వేర్‌ల మధ్య డేటా పంపే పని ఉంటే ఎక్స్‌ఎమ్‌ఎల్. అందులో ట్యాగ్‌ల పేర్లు మనమే పెట్టుకోవచ్చు. బొమ్మలు గీసే ఎస్‌వీజీ కూడా దాని మీద కట్టిందే. మొదటి రోజే వీటి జోలికి వెళ్లనక్కర్లేదు.

3. పాత పాఠాలను పసిగట్టండి

హెచ్‌టీఎమ్‌ఎల్‌నే ఎక్స్‌ఎమ్‌ఎల్ పద్ధతిలో తిరగరాసిన ఎక్స్‌హెచ్‌టీఎమ్‌ఎల్ 1.0, 2000 జనవరిలో వచ్చినప్పుడు ఇక భవిష్యత్తు దీనిదే అన్నారు. ఎక్స్‌ఎమ్‌ఎల్ కట్టుబాట్లన్నీ దీనికీ ఉన్నాయి. తెరిచిన ప్రతి ట్యాగ్‌నూ మూయాలి, ట్యాగ్ పేర్లు చిన్న అక్షరాల్లోనే ఉండాలి. పేజీని కచ్చితంగా ఎక్స్‌ఎమ్‌ఎల్‌గానే బ్రౌజర్‌కి పంపితే, ఒక్క ట్యాగ్ మూయడం మరిచినా బ్రౌజర్ ఎర్రర్ చూపించేది. హెచ్‌టీఎమ్‌ఎల్ అంత కోపిష్టిది కాదు. తప్పుంటే సర్దుకుని, తనకు తోచినట్టు పేజీ చూపిస్తుంది. దాని తర్వాతి వెర్షన్ ఎక్స్‌హెచ్‌టీఎమ్‌ఎల్ 2 పనిని వెబ్ ప్రమాణాలు తయారుచేసే సంస్థ డబ్ల్యూ3సీ 2009లో ఆపేయాలని నిర్ణయించింది. ఇప్పుడు హెచ్‌టీఎమ్‌ఎల్‌కి కొత్త వెర్షన్ నంబర్లు కూడా లేవు. ప్రమాణం ఎప్పటికప్పుడు మారుతూ ఉంటుంది.

మీరు చూస్తున్న పాఠం ఫాంట్, సెంటర్ ట్యాగ్‌లు నేర్పుతోందా? పేజీని భాగాలుగా పంచడానికి టేబుల్ వాడమంటోందా? మొహమాటం లేకుండా మూసేయండి. ట్యాగ్ మూసే అలవాటు ఒక్కటి మాత్రం ఆ కాలం నుంచి తెచ్చుకోండి.

4. ఒక సాయంత్రం చేసి చూడండి

నోట్‌ప్యాడ్ లాంటి మామూలు ఎడిటర్ చాలు. ఒక శీర్షిక, రెండు పేరాలు, ఒక లింకు, ఒక ఫొటో పెట్టండి. ఫైల్ పేరు చివర హెచ్‌టీఎమ్‌ఎల్ అనే ఎక్స్‌టెన్షన్ ఉండాలి. నా మొదటి పేజీ ఎన్నిసార్లు డబుల్ క్లిక్ చేసినా నోట్‌ప్యాడ్‌లోనే తెరుచుకునేది. పేరు మార్చాననే అనుకున్నాను, కానీ విండోస్ ఎక్స్‌టెన్షన్లను దాచిపెట్టడంతో చివర పాత టీఎక్స్‌టీ అలాగే ఉండిపోయింది. ఫైల్ పేర్ల ఎక్స్‌టెన్షన్లు కనిపించేలా సెట్టింగ్ మార్చుకుంటే ఈ టెన్షన్ ఉండదు.

తెలుగులో రాస్తుంటే ఫైల్‌ను తెలుగుతో సహా అన్ని భాషల అక్షరాలూ పట్టే యూటీఎఫ్-8 పద్ధతిలో సేవ్ చేసి, పేజీ గురించిన వివరాలుండే హెడ్ భాగం మొదట్లోనే ఆ సంగతి చెప్పే మెటా ట్యాగ్ పెట్టండి. లేకపోతే అక్షరాల బదులు పిచ్చి గుర్తులు రావచ్చు.

పేజీ కనిపించాక కావాలనే పాడుచేయండి. ఒక మాటను బోల్డ్ చేసి, మూసే ట్యాగ్‌లో ఉండే ఏటవాలు గీతను తీసేసి రిఫ్రెష్ కొట్టండి. అక్కడి నుంచి కింది పేరాలన్నీ బోల్డ్ అయిపోతాయి. ఎర్రర్ అన్న మాటే కనిపించదు. తప్పు ఎక్కడుందో మీరే వెతుక్కోవాలి. ఈ వెతుకులాట చిరాకు పుట్టించకుండా సరదాగా అనిపిస్తే హెచ్‌టీఎమ్‌ఎల్‌తోనే ముందుకు వెళ్లండి. చిరాకు వస్తే ప్రస్తుతానికి మార్క్‌డౌన్‌లో రాసుకుంటూ ఉండండి, తప్పేం లేదు.

చివరగా కోడ్‌లో తప్పులు పట్టి చూపే డబ్ల్యూ3సీ వాలిడేటర్‌లో మీ కోడ్ అతికించి చూడండి. పది తప్పులు చూపిస్తే కంగారుపడకండి. మొదటిది సరిచేసి మళ్లీ నడపండి. చాలాసార్లు మిగతావన్నీ దాని వెనకాల వచ్చినవే అయి ఉంటాయి.