ఇంటి వైరింగ్ షాక్ కొడుతుంటే ఎవరికి, ఎలా దరఖాస్తు చేయాలి

గీజర్ వేస్తే కుళాయి జిల్లుమంటుంది. ఫ్రిజ్ తలుపు ముట్టుకుంటే చురుక్కుమంటుంది. వాన పడితే గోడకే కరెంటు వస్తుంది. ఇలాంటి ఇంటికి తనిఖీకి వెళ్తే నేను ముందు చూసేది మీటరు. స్తంభం నుంచి వచ్చే సర్వీసు వైరు, మీటరు డిస్కం (కరెంటు సరఫరా చేసే కంపెనీ) బాధ్యత. మీటరు దాటి లోపలికి వచ్చిన వైరింగ్ అంతా ఇంటి యజమానిది. ఈ తేడా తెలియక చాలామంది లైన్‌మన్ చుట్టూ రోజుల తరబడి తిరుగుతారు. మున్సిపాలిటీ టౌన్ ప్లానింగ్ వాళ్ళు ప్లాను చూస్తారు గానీ మీ స్విచ్ బోర్డు విప్పి చూడరు.

కాబట్టి కాగితం రాసే ముందు మెయిన్ ఆపేయండి. ఆపాక కూడా షాక్ వస్తుంటే తప్పు బయటి నుంచి వస్తుండవచ్చు. దేన్నీ ముట్టుకోకుండా వెంటనే 1912కు ఫోన్ చేసి, ఫిర్యాదు నంబరు రాసుకోండి. తెలంగాణలోనైనా ఆంధ్రప్రదేశ్‌లోనైనా ఇదే నంబరు. మెయిన్ ఆపగానే షాక్ పోతే లోపం చాలా వరకు మీ ఇంట్లోనే ఉంటుంది.

అప్పుడు లైసెన్సు ఉన్న ఎలక్ట్రికల్ కాంట్రాక్టర్‌ను పిలిచి టెస్ట్ రిపోర్టు తీసుకోవాలి. వైరుకూ ఎర్త్‌కూ మధ్య మెగ్గర్‌తో (వైరు నుంచి కరెంటు లీకవుతోందా అని కొలిచే పరికరం) 500 వోల్టులు ఒక నిమిషం ఇస్తే కనీసం 1 మెగాఓమ్ చూపించాలి. రిపోర్టులో ఆ రీడింగులు, తేదీ, లైసెన్సు నంబరు, సంతకం ఉండాలి. రీడింగ్ లేకుండా 'వైరింగ్ బాగుంది' అని రాసిస్తే తీసుకోకండి.

'మా ఇంట్లో ఎంసీబీలు ఉన్నాయి కదా' అని చాలామంది ధైర్యంగా ఉంటారు. ఎంసీబీ అనే బోర్డు స్విచ్ లోడు ఎక్కువైనా, షార్ట్ అయినా దానంతటదే పడిపోతుంది. మనిషి ఒంట్లోంచి పోయే కరెంటు మిల్లీ ఆంపియర్లలోనే ఉంటుంది, 16 ఆంపియర్ల ఎంసీబీకి అది తెలియదు. కానీ ప్రాణం తీయడానికి అంత చాలు. ఆర్‌సీసీబీ అనే మరో రకం స్విచ్ మాత్రం వెళ్ళిన కరెంటు, తిరిగొచ్చిన కరెంటు సరిపోతున్నాయా అని చూస్తూ, తేడా రాగానే లైన్ కట్ చేస్తుంది. ఇళ్ళకు 30 మిల్లీ ఆంపియర్లది పెట్టించండి. పిల్లలున్న ఇంట్లో దీన్ని ఖర్చు కింద లెక్కపెట్టకండి.

దరఖాస్తు మీ ప్రాంత డిస్కం సెక్షన్ ఆఫీసులో ఏఈ (అసిస్టెంట్ ఇంజనీర్) గారికి ఇవ్వాలి. తెల్లకాగితం మీద ఇలా రాస్తే చాలు:

'అయ్యా, మా ఇంటి సర్వీసు నంబరు (బిల్లు మీద ఉన్నది). ఫలానా తేదీ నుంచి బాత్రూమ్ కుళాయి షాక్ కొడుతోంది. సర్వీసు వైరు, మీటరు కనెక్షన్లు, న్యూట్రల్ తనిఖీ చేయించగలరు. లోపలి వైరింగ్ మార్పించుకునేందుకు ఫలానా రోజు సరఫరా ఆపించి, పని అయ్యాక టెస్ట్ రిపోర్టు చూసి తిరిగి ఇప్పించగలరు.'

దీనికి బిల్లు కాపీ, కాలిన ప్లగ్గుల ఫోటోలు, ఉంటే 1912 ఫిర్యాదు నంబరు, కాంట్రాక్టర్ రిపోర్టు జత చేయండి. మరో కాపీ మీద ముద్ర, తేదీ వేయించుకోండి. ఇది మాత్రం మరవకండి, తర్వాత అడగడానికి మీ చేతిలో ఉండేది ఆ కాపీ ఒక్కటే. ఏసీలు పెరిగి వైర్లు వేడెక్కుతుంటే అదనపు లోడుకు వేరే దరఖాస్తు పెట్టాలి.

అద్దె ఇంట్లో ఉంటే ముందు యజమానికి రాతపూర్వకంగా తెలపండి, వాట్సాప్ అయినా సరే. లోపలి వైరింగ్ మార్చాల్సింది ఆయనే. 15 మీటర్లు దాటిన అపార్టుమెంట్లలో సరఫరా ఇచ్చే ముందే ప్రభుత్వ ఎలక్ట్రికల్ ఇన్‌స్పెక్టర్ తనిఖీ జరగాలి. ప్యానెల్ గది, మీటర్ల గది ప్రమాదంగా కనిపిస్తే అసోసియేషన్ తరఫున ఆ ఇన్‌స్పెక్టర్ కార్యాలయానికే రాయండి.

ఎవరికైనా షాక్ తగిలి ప్రాణం పోయినా, గాయపడినా 2003 విద్యుత్ చట్టం 161వ సెక్షన్ ప్రకారం ఎలక్ట్రికల్ ఇన్‌స్పెక్టర్‌కు తెలియాలి. సరఫరా ఆపించాక ఆయన చూసే దాకా ఆ బోర్డును, వైర్లను కదిలించకండి.

సెక్షన్ ఆఫీసు పట్టించుకోకపోతే ముద్ర వేసిన కాపీతో డిస్కం వినియోగదారుల ఫిర్యాదుల పరిష్కార వేదికకు వెళ్ళవచ్చు. అక్కడా న్యాయం జరగకపోతే విద్యుత్ అంబుడ్స్‌మన్‌ను (ఆ వేదిక పైన అప్పీలు వినే అధికారి) ఆశ్రయించవచ్చు.