ముదిరిన గడ్డి, ఎదగని పెయ్యలు

పలమనేరు దగ్గర మాది చిన్న డెయిరీ. ముసలి ఆవుల స్థానంలోకి వస్తాయని మూడు జెర్సీ సంకర పెయ్యలను ఇంట్లోనే పెంచాను. ఇరవై నెలలు నిండినా ఒక్కటీ ఎదకు రాలేదు. అమ్మేయమని మా మామ ఒకటే పోరు.

పశువైద్యుడు వచ్చి సూది తీయలేదు, టేపు తీశారు. పెద్ద పెయ్య ఛాతీ చుట్టుకొలత 52 అంగుళాలు, భుజం నుంచి పిరుదు ఎముక దాకా పొడవు 44. చుట్టుకొలతను అంతతోనే హెచ్చించి, మళ్లీ పొడవుతో హెచ్చించి, 660తో భాగిస్తే కిలోలు వస్తాయి. 180 తేలింది. "వయసు కాదయ్యా, బరువు చూడు. 250కి దగ్గర పడాలి" అన్నారు. గాడిలో మిగిలిన నేపియర్ గడ్డి కాడ ఒకటి తీసి విరవబోయారు. చెరకుగడలా ఉంది, విరగలేదు. నాకు సిగ్గేసింది. ఎక్కువ గడ్డి వస్తుందన్న ఆశతో మూడు నెలలు ముదరబెట్టి కోసేవాడిని మరి.

ఇప్పుడు 45 రోజులకే కోత. మూడు పాళ్ల నేపియర్‌కు ఒక పాలు హెడ్జ్ లూసర్న్ అనే పప్పుజాతి పశుగ్రాసం, రోజూ 30 గ్రాముల ఖనిజ లవణ మిశ్రమం. పేడ పరీక్షలో నట్టలు తేలాయి, మందు తాగించాం. దాణా మాత్రం పెంచలేదు.

ఐదు నెలలకు పెద్ద పెయ్య కొలతలు 58, 48. అంటే దాదాపు 245 కిలోలు. పోయిన వారం తెల్లవారుజామున అరిచి అరిచి ఇల్లంతా లేపింది. సాయంత్రానికి కృత్రిమ గర్భధారణ చేయించాను. మూడోది ఇంకా మొండికేస్తూనే ఉంది.