ఈవీ ఛార్జర్‌లో గ్రౌండ్ ఫాల్ట్: మా ఇంట్లో ఎలా పోయిందంటే

మాది విశాఖపట్నం లాసన్స్ బే కాలనీ, బీచ్‌కి దగ్గర. పార్కింగ్‌లో గోడకు బిగించిన 7.2 కిలోవాట్ల ఎలక్ట్రిక్ కారు ఛార్జర్ ఎర్రలైటు వేసి గ్రౌండ్ ఫాల్ట్ (ఎర్త్‌లో లోపం లేదా కరెంటు లీకు) అంటూ ఆగిపోయేది. కరెంటు లీకైతే సరఫరా ఆపేసే స్విచ్, 30 మిల్లీయాంప్‌ల ఆర్‌సీసీబీ మాత్రం పడిపోలేదు. నాకు దారి చూపింది ఇదే. అంతకు మించి కరెంటు లీకైతే అదీ పడాలి. పడలేదంటే, ఛార్జర్‌కి అసలు ఎర్తే అందట్లేదేమో!

ఎలక్ట్రీషియన్ మీటరు పెట్టి చూశాడు. ఫేజ్‌కీ న్యూట్రల్‌కీ మధ్య 232 వోల్టులు, ఫేజ్‌కీ ఎర్త్‌కీ మధ్య నూటనలభై. రెండూ ఇంచుమించు ఒకటే ఉండాలి. ఎర్త్ పిట్ (ఎర్త్ వైరు నేలలోకి దిగే గుంత) మూత తీస్తే, జీఐ పట్టీ, అంటే జింకు పూత వేసిన ఇనుప పట్టీ, బోల్టు దగ్గర వేలు తగలగానే పొరలు పొరలుగా రాలిపోయింది.

"ఉప్పుగాలి బాబూ, ఇక్కడ ఇనుము నిలవదు" అన్నాడాయన.

మెయిన్ ఆపి, రాగి పట్టీ, స్టెయిన్‌లెస్ స్టీల్ బోల్టు వేయించాను. జాయింటుకి పెట్రోలియం జెల్లీ దట్టంగా పూశాం. పిట్‌లో నీళ్లు పోశాక ఎర్త్ టెస్టర్‌ నిరోధం 5 ఓమ్‌ల లోపే చూపించింది. ఎర్రలైటు మళ్లీ రాలేదు.

వైర్లకు మెగ్గర్ (ఇన్సులేషన్‌ని పరీక్షించే మీటరు) పెట్టిస్తే ముందు ఛార్జర్‌ని విడదీయించండి. అది పంపే 500 వోల్టులకు లోపలి బోర్డు పోవచ్చు. ఎర్రలైటు విసిగిస్తోందని ఎర్త్‌ని న్యూట్రల్‌కి కలిపేయమనేవాళ్లున్నారు. దయచేసి వినకండి. న్యూట్రల్ తెగితే కారు బాడీకే కరెంటు వస్తుంది.