అరవై దాటాక సుడోకు మొదలుపెట్టడం ఎలా?

మా నాన్నగారికి డెబ్భై రెండేళ్లప్పుడు సుడోకు (ఖాళీ గడుల్లో అంకెలు నింపే పజిల్) నేర్పుతానంటే, "నాకు లెక్కలంటే పడదురా" అన్నారు. చాలామంది పొరబడేది ఇక్కడే. ఇందులో కూడికా లేదు, తీసివేతా లేదు. అంకెల బదులు తొమ్మిది రకాల కూరగాయల బొమ్మలు వేసినా ఆట మారదు. ఏది ఎక్కడ ఉండకూడదో చూసుకుంటూ పోతే, ఏది ఎక్కడ ఉండాలో తేలుతుంది.

పేరు జపానుదే గానీ ఇప్పటి సుడోకు పుట్టింది అమెరికాలో. హోవర్డ్ గార్న్స్ అనే ఆర్కిటెక్ట్ తయారుచేసిన పజిల్ 1979లో 'నంబర్ ప్లేస్' పేరుతో ఒక పత్రికలో వచ్చింది. అప్పటికి ఆయన వయసు 74. "ఈ వయసులో కొత్తవి నాకెందుకు" అనే పెద్దవాళ్లకి నేను ముందు చెప్పేది ఈ సంగతే.

ముందు కావాల్సినవి

పెన్సిల్, మంచి రబ్బరు, కళ్లజోడు, కిటికీ పక్కన కుర్చీ. పేపర్లో వచ్చే గడులు చిన్నవి కాబట్టి జిరాక్స్ షాపులో పెద్దది చేయించుకోండి, ఒక గడిలో రెండు మూడు చిన్న అంకెలు పట్టాలి. నాన్నగారు మాత్రం పెన్నుతోనే చేస్తానని పట్టుబట్టారు. మూడు రోజులు కొట్టివేతలతో కాగితమంతా నల్లబడ్డాక, ఆయనే పెన్సిల్ అడిగారు.

నాలుగు వరుసల గడితో (4×4) మొదలుపెట్టండి

నేరుగా 9×9, అంటే తొమ్మిది వరుసల అసలు సుడోకు ముందు కూర్చోబెడితే పదినిమిషాల్లో విసుగొచ్చి లేచిపోతారు. మొదట ఇది చేయండి:

1 □ | □ 4
□ □ | 1 2
———
2 1 | □ □
□ 3 | □ 1

నియమం ఒక్కటే. ప్రతి అడ్డవరుసలో, ప్రతి నిలువువరుసలో, ప్రతి చిన్న చదరంలో 1 నుంచి 4 వరకు అంకెలు ఒక్కోసారే రావాలి.

పైన కుడివైపు చదరం చూడండి. 4, 1, 2 ఉన్నాయి. లేనిది 3 ఒక్కటే, రాసేయండి. ఇప్పుడు మొదటి అడ్డవరుసలో 1, 3, 4 అయ్యాయి కాబట్టి మిగిలిన గడిలో 2. ఆ 2 వల్ల రెండో నిలువువరుసలో 2, 1, 3 వచ్చాయి, ఖాళీలో 4. దాని పక్క గడిలో 3. ఒక గడి నిండితే పక్కదానికి దారి దొరుకుతోంది, గమనించారా? మిగతా నాలుగు గడులు మీకే వదిలేస్తున్నా. చివర మూడో అడ్డవరుస 2 1 4 3 అని వస్తే సరిగ్గా చేసినట్టే.

ఇలాంటివి వారం రోజులు, తర్వాత 6×6 కొన్నాళ్లు. తొందరేమీ లేదు.

9×9కి వచ్చాక

నియమం అదే, కాకపోతే అంకెలు 1 నుంచి 9 వరకు, చదరాలు తొమ్మిది. ముందు గడులన్నీ కలయజూసి, ఏ అంకె ఎక్కువసార్లు ఉందో పట్టుకోండి. 7 అయిదు చోట్ల ఉందనుకోండి, 7 లేని చదరాలు ఇంకా నాలుగే. అటు అడ్డంగా, ఇటు నిలువుగా ఉన్న 7లను చూస్తూ వేలు జరిపితే, ఆ చదరాల్లో ఎక్కడో ఒకచోట గడి ఒక్కటే మిగులుతుంది. అలా ఒక్కో అంకె పని పట్టండి.

ఇక ముందుకు కదలనప్పుడు, రెండే అంకెలకు అవకాశమున్న గడుల్లో ఆ రెండూ మూలన చిన్నగా రాసుకోండి. అన్ని గడుల్లోనూ రాస్తే చీమల బారులా తయారై ఏమీ కనబడదు.

ఒక్క మాట గట్టిగా చెప్తాను: ఊహించి రాయకండి. "5 అయ్యుంటుందిలే" అని పెట్టిన అంకె తప్పైతే, ఇరవై గడులు నింపాక గానీ బయటపడదు. అప్పుడు ఎక్కడ తప్పామో వెతకడం కంటే మొత్తం చెరిపేయడమే సులువు. కారణం చెప్పగలిగితేనే రాయాలి. మెదడుకు పని పడేది కూడా ఆ కారణం వెతకడంలోనే.

ఎంతసేపు, ఎప్పుడు?

పొద్దున కాఫీ అయ్యాక ఇరవై నిమిషాలు చాలు. పూర్తికాకపోతే కాగితం మడిచి పక్కన పెట్టండి. సాయంత్రం చూస్తే, పొద్దున కనబడనిది ఒక్కోసారి ఇట్టే కనబడుతుంది. ఇంట్లోవాళ్లు వెనక నిలబడి "అక్కడ 8 కదా నాన్నా" అనకుండా ఉంటే అదే పెద్ద సాయం.

దీనివల్ల మతిమరుపు రాదని ఎవరైనా చెప్తే నమ్మకండి. బ్రిటన్‌లో 50 ఏళ్లు దాటిన 19 వేల మందికి పైగా జనాన్ని పరిశీలించి 2019లో వెలువరించిన అధ్యయనంలో, అంకెల పజిల్స్ తరచూ చేసేవాళ్లు జ్ఞాపకశక్తి, ఏకాగ్రత పరీక్షల్లో మెరుగ్గా ఉన్నట్టు తేలింది. అయితే పజిల్స్ వల్ల చురుకుదనం వచ్చిందా, చురుకైనవాళ్లే పజిల్స్ చేస్తున్నారా అన్నది అందులో తేలలేదు. కాబట్టి వాకింగ్, బీపీ మాత్రలు మానేసి దీని మీద పడకండి. రోజూ చేసే పనుల్లోనే తడబాటు మొదలైతే డాక్టర్ దగ్గరికి వెళ్లాలి.

కొన్ని నెలలకి సుడోకు చేతికి అలవాటైపోతుంది, పెద్దగా ఆలోచించాల్సిన పని ఉండదు. అప్పుడు కెన్‌కెన్ పట్టండి. జపాన్‌లో తెత్సుయా మియామోతో అనే లెక్కల మాస్టారు పిల్లల కోసం 2004లో తయారుచేసిన ఆట అది. అందులో మాత్రం కూడికలు, తీసివేతలు నిజంగానే ఉంటాయి. ఆ సంగతి నాన్నగారికి ఇంకా చెప్పలేదు.