స్క్రీన్ ప్రింటింగ్ పాఠాలు – 7: కడిగే ద్రావకం, మరోసారి

పోయిన పాఠంలో స్క్రీన్ మీది ఇంకు కడగడానికి థిన్నర్ మానేసి ఎంటీవో (మినరల్ టర్పెంటైన్ ఆయిల్) పట్టమన్నాను. ఏ ఇంకుకో విడమరిచి చెప్పలేదు. స్టిక్కర్లు వేసేవాళ్ళు పీవీసీ ఇంకు మీద కూడా అదే పోసి రుద్దారు. ఇంకు కరగలేదు సరికదా, పాలు విరిగినట్టు ముద్దకట్టి మెష్ (ఫ్రేముకు బిగించిన జాలీగుడ్డ) కన్నాల్లో కూరుకుపోయింది. పీవీసీ ఇంకులో ఉండే వినైల్ రెసిన్‌ను ఎంటీవో కరిగించలేదు. దానికి కీటోన్ జాతి ద్రావకమో ఎస్టర్ జాతిదో కావాలి.

ముందు ఆ స్క్రీన్లను బాగుచేద్దాం. పొడిగుడ్డతో ఎంటీవో అంతా తుడిచెయ్యండి. డైబేసిక్ ఎస్టర్ (డీబీఈ అని అడగండి) రెండు వైపులా పూసి పది నిమిషాలు వదిలెయ్యండి. తర్వాత రెండు చేతుల్లో రెండు గుడ్డలు, ఫ్రేముకు అటొకటి ఇటొకటి, ఎదురెదురుగా ఆనించి కలిపి తుడవండి. ఒకవైపే నొక్కితే ఇంకు అవతలికి పోయి అక్కడ ఎండుతుంది, మెష్ బిగువూ సడలుతుంది.

ఇక ఎంపిక. ఇంకు డబ్బా మీద ఏ రెడ్యూసర్ (ఇంకును పల్చన చేసే ద్రావకం) రాశారో చూడండి, కడిగేదీ ఆ జాతిదే. పెళ్ళికార్డుల ఆయిల్ ఇంకుకు ఎంటీవో సరిపోతుంది. టీషర్టుల వాటర్ ఇంకుకు ఆరకముందే కుళాయి నీళ్ళు. ప్లాస్టిసాల్‌కు (వేడిచేస్తేనే గట్టిపడే టీషర్టు ఇంకు) సోయా మిథైల్ ఎస్టర్ నాకిష్టం, కానీ జిడ్డు వదులుతుంది. సబ్బునీళ్ళతో కడక్కపోతే తర్వాత డిజైన్ కోసం మెష్ మీద పూసే ఎమల్షన్ చేపకళ్ళలా విడిపోతుంది.

జాతి కుదిరాక ఫ్లాష్ పాయింట్ చూడండి, అంటే ఆవిరి నిప్పంటుకునే కనీస ఉష్ణోగ్రత. థిన్నర్‌లోని టోలుయీన్‌కు 4 డిగ్రీలు. ఎంటీవోకు 30, 40 మధ్య. కీటోన్ జాతి సైక్లోహెక్సనోన్‌కు 44. డీబీఈకి దాదాపు 100. మే నెల రామగుండంలో రేకుల షెడ్డు 42 దాటితే ఎంటీవో కూడా థిన్నర్‌తో సమానమే.

అందరూ చేసే తప్పొకటుంది, దాని మీద కాస్త కోపంగానే రాస్తున్నాను. డీబీఈ నెమ్మదిగా పనిచేస్తోందని ఒక మూత థిన్నర్ కలపడం. లీటరుకు 50 మిల్లీలీటర్లే కదా అనుకుంటారు. ఫ్లాష్ పాయింట్‌కు సగటు లెక్క కుదరదు. సీసా మూత తీయగానే ముందు లేచేది థిన్నర్ ఆవిరే, అంటుకునేదీ అదే. కుండెడు పాలకు మజ్జిగ చుక్క చాలినట్టు. పైగా ఆ ఆవిరి గాలికంటే బరువు, నేలమీద పాకుతూ పక్కగదిలో స్టవ్వు దాకా పోతుంది. డబ్బా మీద డీబీఈ అనే రాసుంటుంది కనుక మీ కుర్రాడు దాని పక్కనే డ్రయ్యర్ ఆన్ చేస్తాడు. నెమ్మదంటే చెడిపోయిందని కాదు. పూసి మూడు నిమిషాలు ఆగండి, అంతే.

వాసన తక్కువైతే భద్రమనీ అనుకోకండి. నారింజ వాసన వేసే లిమొనీన్ అనే ద్రావకం గాలి తగిలి పాతబడితే చర్మానికి అలర్జీ తెస్తుంది. కీటోన్, ఎస్టర్ పట్టేటప్పుడు చేతులకు బ్యూటైల్ రబ్బరు గ్లవ్స్ తొడగండి. పల్చటి నైట్రైల్ గ్లవ్ కీటోన్ల ముందు నిమిషాల్లో ఓడిపోతుంది.

అభ్యాసం: పాత మెష్‌ను నాలుగు ముక్కలు కోసి, రోజూ వాడే ఇంకు పూసి అరగంట ఆరనివ్వండి. ఒక్కోదానికి ఒక్కో ద్రావకం 10 మిల్లీలీటర్లు పూసి, మూడు నిమిషాలు ఆగి, ఎన్ని తుడుపులకు శుభ్రమైందో రాసుకోండి. ట్యూబ్‌లైటుకు ఎదురుగా పట్టి మూసుకున్న కన్నాలు వెతకండి. గుడ్డలు మూతున్న ఇనుప డబ్బాలో వెయ్యండి, సోయా గుడ్డలను మాత్రం ముందు నీళ్ళలో తడిపి.