ఐడీని బిగ్‌ఇంట్ చేస్తే సీక్వెన్స్‌నూ మార్చండి

మిర్యాలగూడ రైస్ మిల్లుల కాటా రీడింగుల డేటాబేస్ చూస్తుంటాను. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో సీరియల్ ఐడీని (ప్రతి రోకూ తానే పెరిగే నంబరు) ఇంటీజర్ నుంచి, ఇంకా పెద్ద నంబర్లు పట్టే బిగ్‌ఇంట్ టైప్‌కు మార్చినా, నంబరు ఇంటీజర్ పరిమితి 2147483647 దగ్గరే ఆగిపోతుంది. వెర్షన్ 10 నుంచి దాని వెనక ఉండి తర్వాతి నంబరు ఇచ్చే సీక్వెన్స్ కూడా ఇంటీజరే, కాలమ్‌తో పాటు అది మారదు.

'ఆల్టర్ టేబుల్'తో కాలమ్ టైప్ మార్చాక, 'ఆల్టర్ సీక్వెన్స్'లో సీక్వెన్స్ పేరు ఇచ్చి 'యాజ్ బిగ్‌ఇంట్' అని కొట్టండి. వేరే టేబుళ్లలో ఆ ఐడీని చూపే ఫారిన్ కీ కాలమ్స్ కూడా మార్చాలి, మరిచిపోయేది ఎక్కువగా ఇదే. తర్వాత కాపీ డేటాబేస్‌లో 'సెట్‌వాల్'తో సీక్వెన్స్‌ను 2147483647కు పెట్టి, ఒక రో ఇన్సర్ట్ చేసి చూడండి. టెన్షన్ పోతుంది.

పెద్ద టేబుల్‌కు మాత్రం ఇది పనికిరాదు. టేబుల్ మొత్తం తిరగరాసేదాకా లాక్ పడి ఎవరూ వాడలేరు, డిస్క్‌లో దాదాపు ఆ టేబుల్ అంత ఖాళీ కావాలి. వడ్ల సీజన్‌లో, కాటా ముందు లారీలు ఆగి ఉన్నప్పుడు అసలే చేయొద్దు.