పైరుకి మందు కొట్టేముందు గాలివాటం చూసుకోండి

గాలి ఎటు పోతోందో అదే గాలివాటం. కానీ వాతావరణ యాప్‌లో ‘పడమటి గాలి’ అని ఉంటే అది పడమర నుంచి వస్తోందని, అంటే మీరు కొట్టే మందు తూర్పుకి కొట్టుకుపోతుందని. చాలామంది ఇక్కడే తికమకపడతారు, అందుకే చేలోకి దిగాక గుప్పెడు పొడి మట్టి వదిలి ఎటు పోతుందో కళ్లారా చూడండి. చెట్ల వరుస దగ్గర గాలి తిరుగుతుంది కాబట్టి అక్కడ ఇంకోసారి చూడండి.

గాలివాటాన ఏముందో తర్వాత చూడాలి. ఇళ్లు, చెరువు, తేనెపెట్టెలు, పశువులు, పక్కవాళ్ల పైరు. ముఖ్యంగా 2,4-డి లాంటి కలుపు మందు అయితే మరీ జాగ్రత్త, పక్క చేలో పత్తో టమాటానో ద్రాక్షో ఉంటే కొంచెం తుంపర తగిలినా లేత ఆకులు మెలిదిరిగి సన్నగా సాగిపోతాయి. అటువైపు అలాంటి పైరుంటే ఆ రోజుకి మానేయండి, గాలి మారాక కొట్టొచ్చు.

గాలి పోయే వైపు గట్టు దగ్గర మొదలుపెట్టి, గాలికి అడ్డంగా నడుస్తూ, ఒక్కో సాలు దాటి గాలి వచ్చే వైపుకి జరగండి. అప్పుడు తుంపర కొట్టేసిన వైపుకే పోతుంది, మీరు తడవని పైరులో ఉంటారు. ఎదురుగాలికి మాత్రం కొట్టొద్దు, మాస్కు ఉన్నా సరే.

ఆకులు మెల్లగా కదిలే గాలి, అంటే గంటకు 5 నుంచి 15 కిలోమీటర్ల లోపు, మంచిది. దుమ్ము లేస్తుంటే ఆగిపోండి. గాలి అస్సలు లేకపోతే ఇంకా మంచిదనుకుంటారు గానీ అది నిజం కాదు. సాయంత్రం పొద్దుగూకాక, తెల్లవారుజామున నేల దగ్గర చల్లగాలి, దానిపైన వెచ్చగాలి ఉన్నప్పుడు సన్న తుంపర కిందికి దిగకుండా తేలుతూ ఉండి, చిన్న గాలి కదలగానే ఎక్కడికో పోతుంది. దగ్గర్లో పొగ కొంచెం పైకి లేచి అడ్డంగా పరుచుకుంటే అదే గుర్తు, ఎండెక్కేదాకా ఆగండి.

నాజిల్ పైరుకి దగ్గరగా పట్టుకోండి, ప్రెషర్ తగ్గించండి, తుంపర మరీ సన్నగా కాకుండా ఉంటుంది. నాజిల్ మూసుకుపోతే నోటితో ఊదొద్దు. మందు ఒకేసారి ఎక్కువ కలుపుకోకండి, మధ్యలో గాలి తిరిగితే ట్యాంకులో మిగిలిపోతుందే అన్న టెన్షన్‌తో చాలామంది అలాగే లాగించేస్తారు.